వ్యూఫైండర్‌కి పెట్టిన కన్ను

కోటబొమ్మాళిలో పెళ్లి. ఎండాకాలం, పగటి ముహూర్తం. పెళ్లిపీటల ముందు మోకాళ్ల మీద కూర్చుని, జీలకర్ర బెల్లం పెట్టే చేతుల కోసం కెమెరాను కంటికి ఆనించుకుని చూస్తున్నాను. వ్యూఫైండర్‌లో కుడివైపు కింది మూల నల్లగా ఉంది.

కెమెరా బెల్టు లెన్సుకు అడ్డం పడిందేమో అనుకున్నాను. తిప్పి చూస్తే బెల్టు నా మెడకే ఉంది. చున్నీ కొసతో అద్దం తుడిచాను. మళ్లీ పెట్టుకున్నాను. నలుపు అలాగే ఉంది. సరే, ఒక ఫొటో తీసి వెనక తెర మీద చూశాను. పెళ్లికూతురి చేతులు, పెళ్లికొడుకు తల, పక్కన ఇత్తడి బిందె, అన్నీ ఉన్నాయి. ఫొటోలో నలుపు లేదు.

వీడియో తీస్తున్న బావ దగ్గరకు ఒంగుని నడుచుకుంటూ వెళ్లాను. బావంటే మా మేనత్త కొడుకు, నా భర్త. నెల్లిమర్లలో మా ఫొటో స్టూడియో. పెళ్లిళ్లకు ఆయన వీడియో, నేను ఫొటోలు.

"బావా, ఇందులో మూలకి నల్లగా ఏటైనా కనిపిస్తోందా సూడు."

ఆయన ఒక చేత్తో వీడియో కెమెరా పట్టుకునే, రెండో చేత్తో నా కెమెరా తీసుకుని కుడికన్నుకు పెట్టుకున్నాడు. "ఏటీ లేదే. బాగానే ఉన్నాది. బేగి ఎల్లు, తాళి కట్టే వేళయిపోతంది."

కెమెరా తీసుకుని వచ్చి మళ్లీ కూర్చున్నాను. కంటికి పెట్టుకోలేదు. ఊరికే ఎదురుగా చూశాను. తర్వాత అరచేత్తో కుడికన్ను మూసుకున్నాను. ఇత్తడి బిందె లేదు. బిందె ఉన్న చోట, దాని పక్కన కూర్చున్న ముసలామె మోకాలు ఉన్న చోట, నల్లటి తెర ఒకటి కిందినుంచి పైకి లేచి నిలబడి ఉంది. మేళం మోగుతూనే ఉంది. నా చెవుల్లో మాత్రం ఒక్కసారిగా ఏ చప్పుడూ లేకుండా పోయింది.

ఆ కన్ను నాకేమిటో చెప్పాలి.

నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. నాన్న విజయనగరంలో వయొలిన్ మేష్టారు. తాత గుడిలో పాడేవాడు. అలాంటి ఇంట్లో ఎడమచేత్తో ప్రసాదం పట్టే ఊసే లేదు, వయొలిన్ కమాను పట్టే ఊసు అసలే లేదు. అన్నం, రాత, వయొలిన్ అన్నీ నాకు ఊహ తెలిసేలోపే కుడిచేతికి మారిపోయాయి. కెమెరా కూడా కుడిచేతివాళ్ల కోసం చేసిందే. పట్టు కుడివైపు, మీట కుడివైపు. కాబట్టి అక్కడా నాకు ఇబ్బంది కాలేదు. కంటి సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

పెళ్లయిన కొత్తలో కెమెరా పట్టడం నేర్పిన బావే మొదట కనిపెట్టాడు. నేను వాడిన కెమెరా వెనక తెర మీద ఎప్పుడూ జిడ్డు మరక ఉండేది. "ఏటే ఇది, కెమెరాతో ముక్కు తుడుసుకుంతన్నావా?" అని నవ్వి, నేను ఎలా పట్టుకుంటున్నానో చూశాడు. కుడికన్నుతో చూసేవాళ్ల ముక్కు కెమెరాకు పక్కగా పోతుంది. నేను ఎడమకన్ను పెట్టేదాన్ని. ముక్కు పోయి తెరకు ఆనేది.

ఆ సాయంత్రం డాబా మీద నా చేత ఒక పరీక్ష చేయించాడు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న కిటికీలాగా సందు వదిలి, అందులోంచి జూట్ మిల్లు పొగగొట్టాన్ని చూడమన్నాడు. కుడికన్ను మూశాను. పొగగొట్టం కిటికీలోనే ఉంది. ఎడమకన్ను మూయమన్నాడు. ఆ ఒక్క కన్ను మూయడం నాకు చేతకాలేదు. ఎంత ప్రయత్నించినా రెండూ మూసుకుపోతున్నాయి. చివరికి ఆయనే తన చేత్తో నా ఎడమకన్ను కప్పాడు. పొగగొట్టం కిటికీలోంచి పక్కకు జరిగిపోయింది.

"నీది ఎడంకన్నే. రెండింటితోనూ సూస్తన్నాం అనుకుంటాం గానీ, ఒకటి ముందు నడుస్తాది, రెండోది ఎనకాల వస్తాది" అన్నాడు.

అప్పటినుంచి మేమిద్దరం దాన్ని ఒక ముచ్చటగా చెప్పుకునేవాళ్లం. ఎడమకన్ను పెడితే కెమెరా ముఖమంతా కప్పేస్తుంది, కుడికన్ను దాని వెనక చీకట్లో ఉండిపోతుంది. నాకది ఇష్టంగానే ఉండేది. ఆ చిన్న చతురస్రం తప్ప ఇంకేమీ ఉండదు. నేను తీసిన ప్రతి పెళ్లీ, ప్రతి బారసాలా ఆ ఒక్క కంటిలోంచే పోయింది.

ఇప్పుడా కంటిలో తెర లేస్తోంది. ఎదురుగా తాళి కడుతున్నారు.

కుడికన్ను పెట్టుకున్నాను. ఎడమది మూసుకోదు కదా. కెమెరా లోపల పెళ్లికూతురి మెడ, బయట నల్లతెర, రెండూ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమైపోయాయి. చున్నీ తీసి, కళ్లజోడు మీదుగానే ఎడమకన్ను కప్పి తలచుట్టూ గట్టిగా కట్టేసుకున్నాను. అక్షింతలు పట్టుకుని నిలబడ్డ ముసలామె నన్ను చూసి, "ఓలమ్మ, ఏటమ్మా, కంటికేటయ్యింది?" అంది. మీట నొక్కుతూ పోయాను. ఏం పడుతోందో, అసలు పడుతోందో లేదో తెలియకుండానే నొక్కాను. తర్వాత చూస్తే అన్నీ ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. తాళి కట్టే ఫొటో ఒక్కటి మాత్రం పనికొచ్చింది.

మేళం ఆగాక బావ నా ముఖం చూశాడు. ఏమీ అడగకుండానే పక్కకు లాక్కెళ్లాడు. చెప్పాను. ఆయన చున్నీ విప్పించి, కుడికన్ను మూసుకోమని, ఎడమకంటికి ఎదురుగా చెయ్యి పెట్టి అటూ ఇటూ కదిపాడు. కిందికి దింపినప్పుడు చెయ్యి మాయమైపోయింది.

"కనిపిస్తన్నాదా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు బావా."

టెక్కలిలో ఫొటోలు తీసే స్నేహితుడికి ఫోన్ చేసి మిగిలిన తంతుకు రమ్మన్నాడు. పెళ్లికూతురి తండ్రి దగ్గరకు వెళ్లి సంగతి చెప్పాడు. ఆయన కోప్పడతాడనుకున్నాను. నా భుజం తట్టి, "ఫొటోలు పోతే పోనాయి గానీ, ముందు ఆసుపత్రికెల్లండమ్మా" అన్నాడు. ఆ మాటతో నాకు ఏడుపొచ్చేసింది. ఏడిస్తే కంటికి ఏమవుతుందోనని ఏడవడానికి కూడా భయపడ్డాను.

వేన్‌లో హైవే మీద వస్తూ నేను చేసిన పని ఒకటే. కుడికన్ను మూసి ఎదుటి లారీని చూడడం. కోటబొమ్మాళిలో ఎక్కినప్పుడు లారీ చక్రాలు మాత్రమే కనిపించలేదు. నాగావళి వంతెన దాటే వేళకు లారీ సగం కనిపించడం లేదు.

"మాటిమాటికీ సూడకే" అన్నాడు బావ.

"పైకొస్తోంది బావా."

స్టీరింగ్ మీద ఆయన వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

శ్రీకాకుళంలో కళ్ల డాక్టరు చుక్కలు వేసి, కంటిలోకి వెలుగు కొట్టి చాలాసేపు చూశాడు. ఆయన మాట్లాడకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఈ మధ్య కంటి పక్కన మెరుపుల్లాగా వచ్చాయా అని అడిగాడు. వచ్చాయి. పెళ్లిళ్ల సీజను కదా, ఎవరో ఫ్లాష్ కొడుతున్నారనుకున్నాను. దోమల్లాగా నల్లచుక్కలు తిరిగాయా అన్నాడు. తిరిగాయి. ఎండ అనుకున్నాను.

"కంటి వెనక గోడకి రెటీనా అని పల్చటి పొర ఉంటుందమ్మా. గోడకి అంటించిన కాగితం తడికి ఊడొచ్చినట్టు, అది ఊడుతోంది. మీకు మైనస్ పవర్ ఎక్కువ కదా, అలాంటివాళ్లకి వస్తుంది. ఇంకా మధ్యభాగం దాకా రాలేదు. అక్కడికి వచ్చేలోపు ఆపరేషన్ అవ్వాలి. ఇక్కణ్ణించి ఇటే విశాఖపట్నం వెళ్లిపోండి. తల ఎక్కువ కదపొద్దు."

తల కదపొద్దన్న ఆ ఒక్క మాట దారంతా నన్ను పట్టుకుంది. వెనక సీటులో పడుకుని తలను రెండు చేతులతో పట్టుకున్నాను. ప్రతి గుంటకీ కాగితం ఇంకొంచెం ఊడుతున్నట్టు అనిపించేది. బావ స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిసారీ బండి దాదాపు ఆపేసి, మెల్లగా ఎక్కించి, మెల్లగా దించేవాడు. వెనకనుంచి బస్సులు హారన్లు కొట్టేవి. "కొట్టుకోండ్రా" అని ఆయన తనలో తానే అనుకోవడం వినిపించేది. నేను కళ్లు మూసుకునే ఉన్నాను. తెరిచి చూస్తే తెర ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుందని.

విశాఖపట్నంలో నన్ను చూసిన డాక్టరమ్మ పెద్దావిడ. నెమ్మదిగా మాట్లాడింది. మర్నాడు పొద్దున్నే మొదటి ఆపరేషన్ నాకే అంది. నేను అడిగింది ఒక్కటే: "అమ్మా, నేను ఈ కంటితోనే ఫొటోలు తీస్తాను. వస్తుందా?"

"పొర అతికించడం నా చేతిలో ఉంది. ఎంత చూపు తిరిగొస్తుందో నేను ముందే చెప్పలేను" అంది.

ఆపరేషన్‌కు పూర్తి మత్తు ఇవ్వరని నాకు అప్పటిదాకా తెలియదు. కంటి పక్కన సూది వేశారు. ముఖమంతా గుడ్డ కప్పి ఒక్క కన్ను మాత్రం బయటికి ఉంచారు. నొప్పి లేదు. కానీ నేను చూస్తున్నాను. ఊదారంగు వెలుగులో సన్నటి నల్ల నీడలు నా కంటి లోపలే అటూ ఇటూ కదులుతున్నాయి. ఏదో పనిముట్టు. ఇన్నేళ్లూ నేను చూసినవన్నీ కంటికి బయట ఉన్నవి. ఇది లోపల ఉంది. తల తిప్పుకునే దారి లేదు, రెప్ప మూసుకునే దారి లేదు.

"కదలకండి. దగ్గు వచ్చేలా ఉంటే ముందే చెప్పండి" అని మొదట్లోనే చెప్పింది డాక్టరమ్మ.

ఆ మాట విన్నదగ్గర్నుంచీ గొంతులో గరగర మొదలైంది. మింగాను. తగ్గలేదు. గుడ్డ కింద నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది. ఛాతీలోంచి దగ్గు తోసుకొస్తోంది. నేను దగ్గితే ఆ నల్లనీడ ఎక్కడ గుచ్చుకుంటుంది?

"దగ్గు" అన్నాను. సరిగ్గా పలికానో లేదో.

నీడలు టక్కున మాయమయ్యాయి. "ఆఁ, ఇప్పుడు దగ్గండి" అంది ఆవిడ, మామూలుగా, మంచినీళ్లు తాగమన్నంత తేలిగ్గా. దగ్గాను. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. నర్సో, ఇంకెవరో. ఆపరేషన్ అయ్యేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి ఎవరిదో నేను చూడలేదు.

కంటిలో గ్యాసు బుడగ పెట్టి కుట్టేశారు. ఆ బుడగ పొరను గోడకేసి నొక్కి ఉంచాలి. అందుకని నేను బోర్లా పడుకోవాలి. తినడానికీ స్నానానికీ తప్ప ముఖం నేలవైపే ఉండాలి. వెల్లకిలా పడుకోకూడదు.

విజయనగరంలో నాన్న ఇంటికి తీసుకెళ్లారు. ముందు గదిలో ఆయన పిల్లలకు పాఠం చెప్పే చోటే నాకు పరుపు వేశారు. బావ దిండ్లు గుండ్రంగా పేర్చి, మధ్యలో ముఖం పెట్టుకునే సందు ఏర్పాటు చేశాడు. నాకు కనిపించేది గచ్చు మీద గళ్లు మాత్రమే, అదీ కుడికంటితో. పాఠాలు మానేద్దామా అని నాన్న అడిగితే నేనే వద్దన్నాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నా గుండె చప్పుడు దిండులో వినిపించేది. పిల్లల కమానులు కీచుమంటుంటే అదొక్కటీ వినపడేది కాదు.

ఒక మధ్యాహ్నం భోజనం చేసి అలా కళ్లు మూశాను. మెలకువ వచ్చేసరికి ఎదురుగా సీలింగు ఫ్యాను తిరుగుతోంది.

ఫ్యాను! అంటే వెల్లకిలా పడుకున్నాను. ఎంతసేపయిందో తెలియదు. కేక పెట్టానట. బావ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. "తిరిగిపోయాను బావా, ఊడిపోయింది, ఊడిపోయింది" అంటూ దిండులో ముఖం పెట్టేశాను. బావ ఫోన్ చేస్తే ఆసుపత్రివాళ్లు ఎత్తడానికి చాలాసేపు పట్టింది. చివరికి డాక్టరమ్మే మాట్లాడింది. "నిద్రలో కాస్సేపే కదా, ఏం కాదు. మళ్లీ బోర్లా పడుకోబెట్టండి. కంగారు పడొద్దని చెప్పండి." బావ ఫోన్ నా చెవి దగ్గర పెట్టి ఆ మాట రెండోసారి చెప్పించాడు. ఆ తర్వాత నేను పడుకున్నప్పుడల్లా ఆయన నా వీపుకు వీపు ఆనించి కూర్చునేవాడు, నేను తిరగకుండా.

కట్టు తీశాక మొదట కనిపించింది తెల్లటి మసక మాత్రమే. తర్వాత్తర్వాత పైన సన్నటి చీలికలాగా వెలుతురు వచ్చింది. కంటిలో సగం నీళ్లు పోసిన గ్లాసు ఉన్నట్టు, తల కదిపితే గీత ఊగేది. రోజులు గడిచేకొద్దీ ఆ గీత కిందికి దిగింది. దాని పైన నాన్న తలపాగా తువ్వాలు కనిపించింది. తర్వాత కళ్లజోడు. ఆయన ముఖం పూర్తిగా కనిపించిన రోజున రెప్పలు ఆర్పి మళ్లీ చూశాను. ఎందుకంటే ఆ ముఖం నీళ్లలో చూసినట్టు కొద్దిగా వంకరగా ఉంది. కిటికీ ఊచలు కూడా మధ్యలో వంగి ఉన్నాయి.

పరీక్షకు వెళ్తే డాక్టరమ్మ, "పొర బాగా అతికింది. వంకర కొంత తగ్గుతుంది, కొంత ఉండిపోవచ్చు" అంది. తర్వాత కుడికన్ను చూసింది. చూస్తూ ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. శ్రీకాకుళంలో చూశాను.

"ఇందులో కూడా అంచున పొర పల్చబడింది. భయపడకండి, ఊడలేదు. చుట్టూ లేజర్ వేసేద్దాం."

భయపడకండి అంటే ఎలా? రెండు కళ్లూ పోతే నేనేం చేస్తాను, ఇల్లు ఎలా తిరుగుతాను, బావ ముఖం గుర్తుంటుందా, ఇవన్నీ ఆ కుర్చీలో కూర్చునే అనుకున్నాను. లేజర్ వేస్తుంటే పచ్చటి మెరుపులు. ఒక్కో మెరుపుకీ కుర్చీ చేతులు పట్టుకుని నలిపేశాను. ఇంటికొచ్చాక కూడా రోజూ పొద్దున్న లేవగానే ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి గోడ నాలుగు మూలలూ చూసుకునేదాన్ని. ఎడమది ఒక్కటీ మూయడం రాదు కాబట్టి అరచెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని.

కెమెరా ముట్టుకోలేదు. బావ అడగలేదు. నాన్న అడిగాడు.

"కుడికన్నుతో తియ్యకూడదా?"

"అది నా కన్ను కాదు నాన్నా."

"నీది కాకపోతే ఎవరిదమ్మా?" అన్నాడు. నవ్వులేదు, కోపం లేదు. "కొత్తగా వచ్చిన పిల్లకి మొదటిరోజే కీర్తన చెప్పను కదా. సరళీ వరుసలు చెప్తాను. నువ్వూ అక్కణ్ణించే మొదలుపెట్టు. మొదటి కాలంలో, నెమ్మదిగా."

రోజూ సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక నా ముందు ఒక చెంబు పెట్టేవాడు. కుడికన్ను పెట్టి, దాన్ని సరిగ్గా మధ్యలోకి తెచ్చి, నిటారుగా నిలబెట్టి, నొక్కడం. అంతే పని. మొదట్లో అదీ రాలేదు. చెయ్యి వెతుక్కునేది, కెమెరా తనంతట తానే ఎడమకంటికి వెళ్లిపోయేది. మధ్యలోకి తెచ్చాననుకున్న చెంబు ఓ పక్కకు ఉండేది. ఎడమకన్ను తెరిచే ఉండడంతో అందులోంచి వంకర గది, ఇందులోంచి చెంబు, రెండూ కొట్లాడుకునేవి. తల తిరిగేది. కళ్లు తిరిగిన ప్రతిసారీ మళ్లీ పొర ఊడుతోందేమోనని కెమెరా కింద పెట్టేసేదాన్ని. నాన్న గోడగడియారం వైపు చూస్తూ కూర్చునేవాడు, తొందరపెట్టకుండా. "ఊఁ, మళ్లీ" అనేవాడు.

వానలు మొదలయ్యాక గరివిడిలో ఒక సీమంతానికి పిలుపొచ్చింది. "నాను తీసేస్తాను, నువ్వు ఊరికే రా" అన్నాడు బావ. వెళ్లాను. అక్కడ ఆ అమ్మాయి చేతులనిండా గాజులు తొడిగి, బుగ్గలకు గంధం రాస్తుంటే, బావ నా వైపు చూడకుండా కెమెరా నా ఒళ్లో పెట్టి వెళ్లి వీడియో దగ్గర నిలబడ్డాడు.

కుడికన్నుకు పెట్టుకున్నాను. ముక్కు ఈసారి తెరకు తగల్లేదు, పక్కకు గాలిలో ఉంది. దానితో మనసుకి ఏదో ఆధారం పోయినట్టయింది. ఎడమకన్ను కెమెరాకి బయట తెరిచి ఉంది. అందులోంచి జనమంతా ఒక్కసారిగా మీదకు వచ్చేస్తున్నట్టు కనిపించారు. పళ్లెం పట్టుకుని వస్తున్న ఆడవాళ్లు, తలుపు దగ్గర పిల్లలు, అందరూ కాస్త వంగి, కాస్త మసగ్గా. ఇన్నేళ్లూ అంతమంది మధ్యే ఫొటోలు తీస్తున్నానని నాకెప్పుడూ అనిపించలేదు. కెమెరా దించేద్దామనుకున్నాను. అప్పుడే ఒకావిడ హారతి పళ్లెంతో పక్కనుంచి రావడం ఎడమకంటికి కనిపించింది. ఆవిడ చెయ్యి ఫ్రేములోకి వస్తుందని ముందే తెలిసింది. ఆగాను. చెయ్యి వచ్చింది. నొక్కాను.

వెనక తెర మీద చూశాను. ఒక పక్కకు కొంచెం ఒరిగింది. అయినా ఆ అమ్మాయి ముఖం మీద హారతి వెలుగు పడి ఉంది. నొక్కుతూ పోయాను. సగం పనికిరాలేదు. బావ ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఒక్కొక్కటీ నిటారు చేశాడు.

భయం పోలేదు. డాక్టరమ్మను అడిగితే, మళ్లీ ఊడదని మాటివ్వలేను, మెరుపులు కనిపిస్తే మాత్రం గంట కూడా ఆగకుండా వచ్చెయ్యండి అంది. ఫ్లాష్ పెట్టి తీయడం మానేశాను. ఎవరిదైనా ఫ్లాష్ వెలిగితే ఇప్పటికీ ఉలిక్కిపడి, "అది నువ్వూ సూశావా?" అని బావను అడుగుతాను. సూశానే అంటాడు ఆయన. ఒక్కోసారి ఆయన చూడకుండానే అలా అంటాడేమోనని కూడా నాకు అనుమానం.

సీమంతం నాడు గరివిడి నుంచి వస్తూ వేన్ ఎక్కాక ఒళ్లంతా చెమటతో తడిసిపోయిందని గమనించాను. సీమంతంవాళ్లు కట్టి ఇచ్చిన పులిహోర పొట్లం ఒళ్లో ఉంది. కోటబొమ్మాళి పెళ్లి నాటినుంచి అన్నం అంటే మందు మింగినట్టు మింగడమే. ఆ రోజు మాత్రం ఆకలేసింది.

"బావా, పక్కకి ఆపు. తినేసి ఎల్దాం."

రోడ్డు పక్కన ఆపాడు. వాన సన్నగా పడుతోంది. పొట్లం విప్పి ఇద్దరం తిన్నాం. కారం ఎక్కువయ్యిందన్నాడు ఆయన. నాకైతే అలా అనిపించలేదు.